మూడు రోజుల పిట్టగోడ

మా మిద్దె మీద పిట్టగోడ మూడు రోజుల్లో లేచింది. అంతకు ముందు తొమ్మిదేళ్ళు అది లేకుండానే గడిపాం. డబ్బుల్లేక కాదు. ఆ మాట ముందే చెప్పేస్తే నాకు కొంచెం తేలికగా ఉంటుంది.

మీర్‌పేటలో మా కాలనీలో ఎవరి మిద్దె ఎక్కి చూసినా ఒకటే కథ. స్లాబు మీద నాలుగు మూలలా ఇనుప సలాకలు నిలబడి ఉంటాయి. తుప్పు పట్టకుండా వాటికి సిమెంటు పాలు పూసి ఉంచుతాం. వచ్చే ఏడాది పైన రెండు గదులు వేస్తాం, అప్పుడు ఎలాగూ గోడలు లేస్తాయి, ఇప్పుడు పిట్టగోడ కడితే అప్పుడు పగలగొట్టాలి. కట్టడమెందుకు, పగలగొట్టడమెందుకు? ఇదీ లెక్క. నల్గొండ పల్లెల నుంచి వచ్చినవాళ్ళదీ, మాలాగా పోచంపల్లి వైపు మగ్గాల ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళదీ ఇదే లెక్క. ఆ వచ్చే ఏడాది మాత్రం రాదు. పిల్ల కాలేజీ ఫీజు వస్తుంది, షాపు మారడం వస్తుంది, ఎవరిదో ఆపరేషన్ వస్తుంది. సలాకలు అట్లాగే నిలబడి ఉంటాయి. మేమూ పిట్టగోడ లేని మిద్దె మీద బట్టలారేసుకుంటూ, అంచు దగ్గరికి పోకూడదని ఒకరికొకరం చెప్పుకుంటూ కాలం వెళ్ళదీస్తాం.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డీటీపీ సెంటర్‌లో టైపింగ్ చేస్తాను. ఇరవై ఏళ్ళ నుంచీ అదే పని. పెళ్ళి పత్రికలు, కోచింగ్ సెంటర్ల మెటీరియల్, అద్దె ఒప్పందాలు, చనిపోయినవాళ్ళ ఫోటో పెట్టి అచ్చు వేసే దశదిన కర్మ కార్డులు. ఏం టైపు చేస్తున్నానో చదవకుండానే టైపు చేయగలను. చదివితే అలసట ఎక్కువ. మా ఆయనకు ఎల్బీ నగర్ చౌరస్తా దగ్గర మోటార్ వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన మోటార్లకు రాగి తీగ చుడతాడు. మా అత్తమ్మ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టింది. కూతురు హాస్టల్లో ఉంటుంది గనుక ఇంట్లో మేం ముగ్గురమే. తల్లీకొడుకులిద్దరూ ఏదో ఒకటి చుట్టేవాళ్ళే, నేనొక్కదాన్నే టకటకా కొట్టేదాన్ని అని అత్తమ్మ నన్ను ఏడిపించేది.

రెండేళ్ళ క్రితం వానాకాలంలో మా సెంటర్‌కు ఒక పెద్దాయన వచ్చారు. గుంటూరు వైపు మనిషి, రిటైరైన టీచర్. మలక్‌పేటలో ఉంటారు. చిన్నప్పుడు మిషన్ కాలేజీలో హీబ్రూ నేర్చుకున్నారట. ఆ భాషలోని పాత ధర్మశాస్త్రం మీద ఒక పుస్తకం రాస్తున్నానని, చేతిరాత అర్థం చేసుకునే ఓపిక ఉన్నవాళ్ళు కావాలని మా ఓనర్‌ను అడిగారు. ఓనర్ నన్ను చూపించాడు. నాకు ఓపిక ఉందని కాదు, మిగతా ఇద్దరూ కుర్రవాళ్ళు.

ఆయన ప్రతి బుధవారం మెట్రోలో వచ్చేవారు. గుడ్డ సంచిలో పొడుగు నోటుబుక్కులు. మధ్యలో హీబ్రూ అక్షరాలు వచ్చేవి. అవి మా సిస్టంలో రావు. అక్కడ ఖాళీ వదిలితే, ప్రింటు తీశాక ఆయనే పెన్నుతో రాసుకునేవారు. ప్రూఫ్ చూసేటప్పుడు వరుస కింద స్కేలు పెట్టుకుని, పైకి చదువుతూ చూసేవారు. పక్కన పెళ్ళి పత్రికల వాళ్ళు అక్షింతల బొమ్మ పెద్దదిగా కావాలా చిన్నదిగా కావాలా అని గొడవ పడుతుంటే, ఈయన ఎద్దు మనిషిని పొడిస్తే యజమాని ఏం చేయాలో చదువుతుండేవారు.

ధర్మశాస్త్రం అంటే నేను దేవుడు, పాపం, నరకం అనుకున్నాను. తీరా చూస్తే అంతా ఇంటి సంగతులూ పొలం సంగతులే. పొలం కోసేటప్పుడు అంచులు పూర్తిగా కోయకూడదు, ఏమీ లేనివాళ్ళకు వదలాలి. కళ్ళం తొక్కే ఎద్దు మూతికి చిక్కం కట్టకూడదు. తూకంరాళ్ళు రెండు రకాలు ఉంచుకోకూడదు. మనకు పడని వాడి గాడిద బరువు కింద పడిపోతే చూసీ చూడనట్టు పోకూడదు, వాడితో కలిసి లేపాలి. గోడకు చెమ్మ పట్టి మచ్చలు వస్తే ఇల్లు ఖాళీ చేయించి, వారం మూసిపెట్టి, ఆ మచ్చ పాకితే అక్కడి రాళ్ళు పీకేసి కొత్తవి పెట్టాలి. ఈ చెమ్మ సంగతి టైపు చేసినప్పుడు నాకు నవ్వొచ్చింది. పెళ్ళైన కొత్తలో మేం కిరాయికి ఉన్న గదిలో గోడంతా నల్లమచ్చలే. ఓనరుకు చెబితే క్యాలెండరు తగిలించుకోమన్నాడు.

అలా చదవడం మొదలైంది. చదివాక ఎవరికైనా చెప్పాలనిపించేది. మా ఆయనకు చెబుదామంటే షాపు నుంచి రాగానే టీవీ. అందుకని అత్తమ్మకు చెప్పేదాన్ని.

అత్తమ్మ గురించి చెప్పాలి. ఆమె మా మిద్దె మీద బతికేది. పడుకోవడానికీ తినడానికీ కిందికి వచ్చేదంతే. పొద్దున చాయ్ గ్లాసు పట్టుకుని మెట్లెక్కితే, ఎండ చురుక్కుమనేదాకా అక్కడే. సాయంత్రం మళ్ళీ పైకి. ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఉండేది ఆమెకు. పక్క మిద్దెల మీది ఆడవాళ్ళందరూ ఆమెకు తెలుసు, ఎవరింట్లో ఏం కూరో తెలుసు. డెబ్భై దాటినా మెట్లు ఎక్కడానికి గోడ పట్టుకునేది కాదు. మోకాళ్ళ నొప్పుల సంగతెత్తితే, "ఎక్కుతున్న గాబట్టే బాగున్నయ్ కాళ్ళు" అనేది.

నేను సెంటర్ నుంచి వచ్చి, మొహం కడుక్కుని, చాయ్ తీసుకుని పైకి పోతే అదే ప్రశ్న.

"ఇయ్యాల ముసలాయన ఏం రాసిండు బిడ్డ?"

నేను చెప్పేదాన్ని. ఆమె తీర్పు చెప్పేది. ఎద్దు మూతికి చిక్కం కట్టొద్దన్న దానికి, "మరె? పని జేసేటోని నోరు గట్టేస్తె ఎట్ల?" అంది. గాడిద సంగతికి ఊళ్ళో తోడికోడలితో ఎనిమిదేళ్ళు మాటల్లేకుండా ఉండి కూడా, ఆమె మగ్గం మీద పడుగు తెగిన రోజు వెళ్ళి కలిసి దారాలు అతికిన కథ చెప్పింది. అతికినన్ని రోజులూ మాట్లాడుకోలేదట. పని అయిపోయాక కూడా మాట్లాడుకోలేదట.

ఒక రోజు ఉన్నీ, నారా కలిపి నేసిన బట్ట కట్టకూడదన్న సంగతి చెప్పాను. దీనికి కారణం ఎక్కడా రాయలేదనీ, పండితులు తలా ఒకటి చెబుతారనీ సార్ రాశారు. అత్తమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"రెండు తీర్ల దారం ఒక్క తీర్గ గుంజుకోదు. ఉతికినంక ఒకటి గుంజుకుంటది, ఒకటి అట్లనే ఉంటది. బట్ట ముడుతలు పడ్తది. మనోళ్ళు పట్టు, నూలు కలిపి నేస్తరు గద, ఎంత పైలంగ నెయ్యాలె తెల్సా? ఎవడో మగ్గం మీద కూసున్నోడే చెప్పిండు గిది."

బుధవారం సార్‌కు ఈ మాట చెప్పాను. ఆయన స్కేలు పక్కన పెట్టేశారు. "మీ అత్తగారా అన్నది? ఇంకోసారి చెప్పండమ్మా, రాసుకుంటాను," అని నోటుబుక్కు చివరి పేజీలో రాసుకున్నారు. ఆ రోజు నాకు భలే గర్వంగా అనిపించింది. ఇంటికి పోయి చెబితే అత్తమ్మ, "ముసలాయనకు ఇంకేమన్న డౌట్లుంటె అడుగుమను," అంది.

బతుకమ్మ పండుగ అయ్యాక వచ్చిన బుధవారం పిట్టగోడ వచ్చింది.

కొత్త ఇల్లు కట్టుకున్నవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలి, లేకపోతే ఎవరైనా పైనుంచి పడినప్పుడు ఆ నెత్తురు దోషం ఆ ఇంటికి చుట్టుకుంటుంది. ఇదీ సంగతి. దాని మీద సార్ నాలుగు పేజీలు రాశారు. ఆ కాలంలో మిద్దె మీదే ధాన్యం ఆరబోసుకునేవారనీ, చుట్టాలు వస్తే అక్కడే కూర్చోబెట్టేవారనీ రాశారు. ఇంకా జరగని తప్పుకు ముందే కట్టే గోడ అది అని రాశారు. నా వేళ్ళు ఆగాయి. పక్క సీటు కుర్రాడు కరెంటు పోయిందా అని అడిగాడు.

ఆ సాయంత్రం చెప్పేసరికి అత్తమ్మ పగలబడి నవ్వింది.

"గా ముసలాయనకు మనిల్లు ఎట్ల తెల్సు పిల్లా?"

ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. అంచు మా కుర్చీలకు అయిదారు అడుగుల దూరంలో ఉంది. రాత్రి అన్నం తినేటప్పుడు మా ఆయనకు చెప్పాను.

"కడ్తం తియ్యి," అన్నాడు. "పైన రూములేసెటప్పుడు ఎట్లైన లేస్తయి గోడలు. ఇప్పుడు కట్టి మళ్ళ పలగ్గొట్టుడేంది?"

నిజమే కదా అనిపించింది నాకు. అంటే, నిజమే కదా అనుకోవడం నాకు సుఖంగా ఉంది. ఆ ఏడాది నేను చాలా అలసిపోయి ఉన్నాను. ఎందుకని అడిగితే చెప్పడానికి పెద్ద కారణం లేదు. షేర్ ఆటోలు, మెడనొప్పి, రెండు పూటలా వంట, కూతురి పరీక్షలు. మేస్త్రిని వెతకడం, ఇసుక తెప్పించడం, పనివాళ్ళకు చాయ్‌లు, ఇల్లంతా దుమ్ము. తలుచుకుంటేనే నీరసం వచ్చింది. ఇంకొకరెవరైనా పట్టుకుని అడిగేదాకా ఆగుదామనుకున్నాను. ఎవరూ అడగలేదు.

కార్తీకం మొదట్లో ఒక ఆదివారం పొద్దున మా పెళ్ళినాటి చీర ఉతికాను. దాని దారాలకు రంగు వేసేముందు చిటికి కట్టింది అత్తమ్మే. ఏ దారం ఎక్కడ రంగు పీల్చాలో లెక్క చూసి, చిన్న చిన్న ముడులు కట్టే పని అది. పండుగలకు తప్ప కట్టను, ఉతికితే ఆమె పక్కన ఉండాల్సిందే. గంజి పెట్టి, ఆరేసేముందు ఇద్దరం చెరో కొసా పట్టుకుని సాగదీయాలి. మిద్దె మీద ఒక కొస నేను పట్టుకున్నాను, ఇంకో కొస ఆమె పట్టుకుంది.

ఊళ్ళో ఆమె యాభై ఏళ్ళు ఇదే పని చేసింది. పొద్దున్నే వీధి పొడుగునా పడుగు దారాలు సాగదీసి గంజి పెట్టేవాళ్ళు. ఒక కొస పట్టుకుని వెనక్కి నడుస్తూ పోవాలి, బిగువు తగ్గకూడదు, కళ్ళు దారం మీదే ఉండాలి. వెనక్కి చూసుకోవాల్సిన పని లేదు. ఎంత వెనక్కి నడిచినా వీధి ఉండేది. చీర వదులుగా ఉందని అత్తమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంకొకటి వేసింది. నేను చీర అంచు మీద ఒక మరక పోయిందా లేదా అని చూస్తున్నాను. తలెత్తేసరికి ఆమె మడమలు స్లాబు చివర ఉన్నాయి. ఆమె కళ్ళు మాత్రం చీర మీదే ఉన్నాయి.

అరవలేదు నేను. అరిస్తే ఉలిక్కిపడుతుంది. చీరను రెండు చేతులా నా వైపు లాగాను. ఉన్న బలమంతా పెట్టి లాగాను. ఆమె కొస వదలలేదు. చేతిలో ఉన్న బట్టను వదలడం ఆమెకు తెలియదు. రెండు అడుగులు ముందుకు తూలి నిలబడి నన్ను తిట్టింది.

"ఏందే గట్ల గుంజుతవ్! చీర చినుగుతది!"

అప్పుడు వెనక్కి తిరిగి చూసింది. చూసి, అక్కడే కూర్చుండిపోయింది. నేనూ కూర్చున్నాను. మా ఇద్దరి మధ్య తడి చీర నేల మీద పడి ఉంది. కింద కూరగాయల బండి వాడు టమాటలని మైకులో అరుస్తూ పోయాడు.

"నీ మొగనికి జెప్పకు," అంది చివరికి.

చెప్పాను. చెప్పకుండా ఎట్లా ఉంటాను? ఆయన మొహం పాలిపోయింది. "గోడ కట్టాలె ఇగ," అన్నాడు. "పెండ్లిళ్ళ సీజన్ గద, మేస్త్రిలందరు బిజీ ఉంటరు. జర ఆగు, చూస్త." అంతదాకా ఏం చేద్దామన్నాడు. అంతదాకా ఏం చేయాలో నాకు తట్టింది.

సోమవారం మధ్యాహ్నం భోజనం టైములో దిల్‌సుఖ్‌నగర్ హార్డ్‌వేర్ షాపులో తాళం కొన్నాను. మా మెట్ల చివర రేకు తలుపు ఉంది. దానికి సాయంత్రం తాళం వేశాను. తాళం ఎవరు వేశారని ఎవరూ నన్ను అడగలేదు, కానీ వేసింది నేనే. తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. ఇంట్లో మేకుకు తగిలిస్తే ఆమె తీసుకుంటుందని నా భయం. అలా మా మిద్దె తాళంచెవి రోజూ నాతో పాటు షేర్ ఆటోలో దిల్‌సుఖ్‌నగర్ పోయి వచ్చేది.

"గోడ కట్టినంక తీస్తం అత్తమ్మా, పది రోజులు ఓర్సుకో," అన్నాను.

"మంచిదే బిడ్డ," అంది ఆమె.

తాళం పడ్డాక గోడ గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడాల్సిన అవసరం పోయింది. ప్రమాదం లేదు కదా. బట్టలు ఆదివారం నేనే పైకి పోయి ఆరేసుకునేదాన్ని. ఆయనకు షాపులో పని పెరిగింది. పది రోజులు నెలయ్యాయి, నెల రెండు నెలలయ్యాయి.

తాళం వేసిన రెండు వారాలకో ఏమో, బుధవారం నాడు సార్‌తో గొప్పగా చెప్పాను. మీ పిట్టగోడ చదివాక మా ఇంట్లో జాగ్రత్త పడ్డామనీ, ఒక పెద్ద గండం తప్పిందనీ. ఆయన నోరు తెరుచుకుని విన్నారు. "అయితే గోడ కట్టించారన్నమాట!" అన్నారు.

"లేదు సార్. మిద్దెకు తాళం వేశాం."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కోప్పడే మనిషి కాదు. "మిద్దె ఎక్కొద్దని ఆ శాసనం చెప్పలేదమ్మా," అన్నారు మెల్లగా. "మనుషులు ఎక్కుతారు, ఎక్కాలి అనుకునే రాశాడు ఆ రాసినాయన. అందుకే కదా గోడ కట్టమన్నాడు. ఎక్కకుండా ఆపేస్తే సరిపోయేదైతే ఆ మాటే రాసేవాడు. అది తేలిక గదా."

నాకు ఒళ్ళు మండింది. ఈయనకేం, మలక్‌పేటలో అపార్ట్‌మెంటు, కాంక్రీటు గోడ కట్టే ఉంటుంది. ఇక్కడ ఇసుక ఎవరు తెస్తారు? పైకి మాత్రం, "కట్టిస్తాం సార్," అన్నాను. తర్వాతి బుధవారం ఆయన ఆ నాలుగు పేజీలకు చివర ఒక వాక్యం చేర్చి తెచ్చారు. పిట్టగోడ కట్టమన్నవాడు మిద్దెకు తాళం వేయమనలేదని ఆ వాక్యం సారాంశం. నన్ను ఉద్దేశించి కాదు, పాఠకులకోసమే రాశారు, నాకు తెలుసు. నా వేళ్ళతోనే టైపు చేశాను. తాళంచెవి ఉన్న బ్యాగు నా కాళ్ళ దగ్గర ఉంది.

ఆ పుస్తకంలో అత్తమ్మ దగ్గర నేను కావాలని దాచిన మాట అదొక్కటే. అసలు ఆమె అడగడమే మానేసింది. నేను ఇంటికి వచ్చేసరికి టీవీ ముందు కూర్చుని ఉండేది, టీవీ చూడకుండా. చాయ్ ఇస్తే తాగేది. ముసలాయన ఏం రాశాడని అడిగేది కాదు. నేనే ఒకసారి, పిట్ట గూడు దొరికితే గుడ్ల మీద కూర్చున్న తల్లిని వదిలేయాలన్న సంగతి చెప్పాను. "మంచిదే," అంది. అంతే తీర్పు.

పొద్దున పూట గేటు దగ్గర ఎర్ర కుర్చీ వేసుకుని కూర్చునేది. మా ఎదురింటి వాళ్ళు మూడంతస్తులు వేశారు. వాళ్ళ ఇంటి నీడ మా గేటు దాటిపోవడానికి పదకొండవుతుంది. తర్వాత కాసేపు ఎండ పడుతుంది, ఆ కాసేపట్లో కుర్చీని రెండు సార్లు జరుపుకోవాలి. చలికాలం మధ్యకొచ్చేసరికి కుర్చీ జరపడం కూడా మానేసింది. నీడలోనే కూర్చునేది, శాలువా కప్పుకుని. లేచేటప్పుడు గేటు పట్టుకుని లేచేది. తర్వాత నన్ను పట్టుకుని లేచేది.

మలక్‌పేటలో దవాఖానకు తీసుకుపోయాం. రక్త పరీక్షలు చూసి డాక్టరమ్మ, "ఎముకలకు బలం లేదు, కాళ్ళకు పని లేదు. ఈమెకు ఎండ తగులుతుందా? రోజూ కొంచెం నడుస్తుందా?" అని అడిగింది. మా ఆయన నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. అత్తమ్మే చెప్పింది, "తగుల్తది బిడ్డ, మస్తుగ తగుల్తది," అని. మమ్మల్ని కాపాడింది ఆమె.

ఆ ఆదివారం ఆయన తాళం తీయమన్నాడు. తల్లిని చేతుల మీద ఎత్తుకుని మెట్లెక్కాడు. ఆమె బరువు లేదసలు. నేను కుర్చీ పట్టుకుని వెనకాల ఎక్కాను. మధ్యలో, అంచులకు ఎంత దూరం వీలైతే అంత దూరంలో కుర్చీ వేసి కూర్చోబెట్టాం. ఎండ బాగుంది. పక్క మిద్దె మీద ఆమె స్నేహితురాలు వడియాలు పెడుతూ, ఇన్ని రోజులు ఏడ పోయినవని కేకేసింది. అత్తమ్మ అటు తిరగలేదు. రెండు చేతులతో కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని ఉంది. కళ్ళు అంచుల మీదే ఉన్నాయి, ముందుకు, పక్కకు, మళ్ళీ ముందుకు.

"దింపు కొడుకా," అంది. "గోడ లేదు గద. దింపు. తాళమెయ్యుండ్రి."

తొమ్మిదేళ్ళు ఆ అంచుల మధ్య తిరిగిన మనిషి. చీర పట్టుకుని వెనక్కి నడిచిన రోజు కూడా అంత భయపడలేదు. భయం మేం నేర్పించాం, రెండు నెలల పాటు, రోజూ తాళం చూపించి. నేను కిందికి వచ్చి బాత్రూంలోకి పోయి ఏడ్చాను. ఆయన వెంటనే మేస్త్రికి ఫోన్ చేశాడు. మేస్త్రి వచ్చే వారం వస్తానన్నాడు. వచ్చే వారం రాలేదు. ఆయన మళ్ళీ చేయలేదు. నేనూ గుర్తు చేయలేదు. ఇంక ఆమె ఎక్కదు కదా అనుకున్నాం. ఆ మాట పైకి అనలేదు గానీ ఇద్దరం అదే అనుకున్నాం.

శివరాత్రి వెళ్ళిన వారం, ఎండలు ముదురుతుండగా, మధ్యాహ్నం నిద్రలో పోయింది.

మూడో రోజు టెంట్ హౌస్ మనిషి వచ్చాడు. దశదిన కర్మకు ఊరి నుంచి చుట్టాలు, ఎల్బీ నగర్ నుంచి మా ఆయన షాపుల వాళ్ళు, నా సెంటర్ వాళ్ళు, ఎంతమంది వస్తారో లెక్క వేసుకుని, మా సందులో టెంటు వేస్తే బండ్లకు దారి ఉండదని తేల్చాడు. "మిద్దె మీద భోజనాలు పెట్టుండ్రి, శానా జాగ ఉంది," అన్నాడు. మా ఆయన పైకి చూశాడు.

"గోడ లేదు గదన్నా. అందరొస్తరు, పిల్లగాండ్లు ఉరుకుతరు. ఎవరన్న పడితె మనకెంత చెడ్డపేరు?"

ఆ సాయంత్రానికే మేస్త్రి దొరికాడు. అదే మేస్త్రి. చావు ఇల్లు గనుక కాదనలేదట. తెల్లారేసరికి సిమెంటు ఇటుకలు, ఇసుక, రెండు బస్తాల సిమెంటు సందులో దిగాయి. ఏదీ కష్టం కాలేదు. పనివాళ్ళకు నేనే చాయ్‌లు పెట్టాను. ఇల్లంతా దుమ్ము అయింది, ఊడ్చుకున్నాను. తొమ్మిదేళ్ళు నన్ను భయపెట్టిన పని అంతా అదే.

నా సెంటర్‌లో ఆమె కార్డు నేనే టైపు చేశాను. ఈసారి చదివి టైపు చేశాను. ఆ రోజే సార్ వచ్చారు, బుధవారం కాకపోయినా. ఎవరో చెప్పారట. అచ్చయిన పుస్తకం ఒకటి నా చేతికిచ్చారు. ఉన్నీ నారా సంగతి ఉన్న పేజీలో చిన్న కాగితం పెట్టి ఉంది. ఒక నేతకారు అమ్మ చెప్పిన మాట అని రాసి, ఆమె మాటలు ఉన్నవి ఉన్నట్టు వేశారు. గోడ సంగతి ఆయన అడగలేదు. నేను చెప్పలేదు.

గోడ పని మొదలైన రెండో రోజు మధ్యాహ్నం చాయ్ గ్లాసులు తీసుకుని పైకి వెళ్ళాను. మూడు వైపులా గోడ నడుము దాకా లేచింది. మేస్త్రి తూర్పు వైపు మొదలుపెడుతున్నాడు. ఎర్ర కుర్చీ మీద తాపీ, దారం ఉండ పెట్టుకున్నాడు. నేను గోడ మీద చెయ్యి పెట్టి చూశాను. ఇంకా తడిగా ఉంది. మొదటిసారి అంచు దాకా పోయి కిందికి చూశాను, మా సందు, గేటు, ఎదురిల్లు.

"ఇటు దిక్కు మొత్తం మూసెయ్యకు అన్నా," అన్నాను. "జర సందులు సందులుగ ఇటుకలు పెట్టు. కూసున్నోళ్ళకు పొద్దుగాల ఎండ తగలాలె."

"పెడ్త అక్కా," అన్నాడు. గ్లాసు అందుకుంటూ మామూలుగా అడిగాడు, "ఎవరు కూసుంటరు ఈడ?"

"మా అత్తమ్మ," అన్నాను.

అన్నాక గాని ఏమన్నానో నాకు తెలియలేదు. పొద్దున అతను చాయ్ తాగింది కింద హాల్లో, దండ వేసిన ఆమె ఫోటో ముందు కూర్చునే. అతను నా మొహం చూసి, గ్లాసు కింద పెట్టాడు. కుర్చీ మీది తాపీ తీసి, దుమ్ము దులిపి, కుర్చీని తూర్పు వైపుకు జరిపాడు. దాని ఎత్తు చూసుకుని, అక్కడ సందులు వదులుతూ ఇటుకలు పేర్చడం మొదలుపెట్టాడు.